ఉప్పుగాలిలో కట్టెల మిషను

తిరువొత్తియూరులో సముద్రానికి కిలోమీటరు దూరంలో మా చిన్నమామ కట్టెల అడితి ఉంది. సూళ్లూరుపేట నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డాడు. హోటళ్లకీ, బిర్యానీ వంటవాళ్లకీ సరుగుడు, చింత, సర్కారుతుమ్మ కట్టెలు వేస్తాడు. నాలుగేళ్ల కింద మొద్దులు చీల్చే హైడ్రాలిక్ మిషను కొన్నాడు. పొడవాటి ఇనప దూలం, దానిమీద జారే బ్లేడు, నూనె ఒత్తిడికి సిలిండర్‌లోంచి బయటికొచ్చి ఆ బ్లేడుని నెట్టే రాడ్డు, అంతే దాని నిర్మాణం. పోయిన ఈశాన్య రుతుపవనాల్లో కట్టెలన్నీ తడిసి రెండు నెలలు పని సాగలేదు. జనవరిలో స్టార్ట్ చేస్తే సిలిండర్ మూతి దగ్గర నూనె కారడం మొదలైంది.

"పని చేసినన్నాళ్లూ బాగానే ఉండింది అబ్బయా, ఊరికే ఉన్నప్పుడు పాడైపోయింది" అన్నాడు మామ. ఆ మాట అక్షరాలా నిజం. పని జరిగేటప్పుడు సిలిండర్ మూతి దగ్గర నూనె కారకుండా ఆపే రబ్బరు సీలు రాడ్డుని తుడుస్తూనే ఉంటుంది, గ్రీజు దూలమంతా పరుచుకుంటూనే ఉంటుంది. మిషను ఆగిన రాత్రి నుంచి తుప్పు పని మొదలవుతుంది.

తుప్పుకి వాన అక్కర్లేదు. శుభ్రమైన ఇనుము మీద గాలిలో తేమ 60 శాతం దాటితే చాలు, కంటికి కనపడని నీటిపొర పడుతుంది, తుప్పు వేగం పుంజుకుంటుంది. చెన్నై తీరాన తెల్లవారుజామున తేమ అంతకంటే తగ్గడం అరుదు. ఉప్పు తోడైతే ఆ 60 లెక్క కూడా నిలవదు. సముద్రపు ఉప్పులో మనం తినే సోడియం క్లోరైడ్‌తో పాటు మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది. అది 33 శాతం తేమ దగ్గరే గాలిలోంచి నీళ్లు లాక్కుని కరిగిపోతుంది. అంటే మధ్యాహ్నపు ఎండలో పొడిగా కనిపించే దూలం కూడా నిజానికి తడిగానే ఉండొచ్చు.

ఆ తడి కింద ఏం జరుగుతుందో మామకి చూపించాను. పాత బ్లేడు ముక్కని ఆకురాయితో మెరిసేదాకా రుద్ది, దానిమీద ఒక్క ఉప్పునీటి బొట్టు వేశాను. గంటలోపే బొట్టు లోపల గోధుమరంగు వలయం ఏర్పడింది. వలయం మధ్యలో మాత్రం లోహం తేటగానే కనిపించింది. మామ వేలుపెట్టి "ఇక్కడ బాగానే ఉందే" అన్నాడు. అసలు నష్టం జరిగింది అక్కడే. బొట్టు అంచున నీళ్లు పల్చన, గాలిలోని ఆక్సిజన్ తేలిగ్గా అందుతుంది. నడుమ అంత అందదు. అందక నడుమ ఉన్న ఇనుము ఎలక్ట్రాన్లు వదిలి నీళ్లలోకి కరుగుతుంది. అంచున ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లు అందుకుంటుంది. కరిగిన ఇనుము, అంచున పుట్టిన క్షారం కలిసినచోట తుప్పు పేరుకుంటుంది. కేంబ్రిడ్జిలో యూలిక్ ఎవాన్స్ అనే శాస్త్రవేత్త 1920లలో ఈ బొట్టుతోనే తుప్పు ఒక విద్యుత్ చర్య అని చూపించాడు. తుప్పు కనపడినచోటే ఇనుము పోతోందనుకుంటాం. ఇనుము దాని పక్కన, లోపల, గుంటలుగా పోతుంటుంది.

మామ మిషను రాడ్డుకి జరిగింది ఇదే. రాడ్డు మీద మెరుపు క్రోమియం పూతది, సాధారణంగా వెంట్రుక మందంలో సగం కూడా ఉండదు. అందులో పుట్టుకతోనే సన్నని నెర్రెలు ఉంటాయి. ఉప్పునీరు వాటిలోంచి కింది ఉక్కుకి చేరితే, పైనున్న క్రోమియం దాన్ని కాపాడదు సరికదా, ఇంకా తొందరగా తినిపిస్తుంది. జింకు పూత అయితే తానే ముందు కరిగి ఉక్కుని కాస్తుంది, క్రోమియానికి ఆ గుణం లేదు. ఉక్కు తుప్పయితే రెండు రెట్లకు పైగా ఉబ్బుతుంది కాబట్టి పూత పైకి లేచి పెచ్చు ఊడుతుంది. రాడ్డు కదిలిన ప్రతిసారీ ఆ గుంట అంచు రబ్బరు సీలుని కోస్తుంది. దీనికి మందు పైసా ఖర్చులేనిది: సాయంత్రం మిషను ఆపేముందు రాడ్డు తుడిచి, పూర్తిగా లోపలికి లాగి పెట్టాలి. సిలిండర్ లోపల అది నూనెలో మునిగి ఉంటుంది. మామ మిషను రెండు నెలలూ రాడ్డు బయటకి చాపుకునే పడి ఉంది.

దూలం సంగతి వేరు. బ్లేడు జారే ముఖానికి రంగు వేస్తే నాలుగు రోజుల్లో గీక్కుపోతుంది, అక్కడ గ్రీజే దిక్కు. కానీ గ్రీజు దుమ్ముని పట్టుకుంటుంది. వేళ్లతో సహా పెకలించిన తుమ్మ మొద్దుల బెరడు నిండా ఇసుకే. ఇసుక రేణువు మామూలు ఉక్కు కంటే గట్టిది, గ్రీజులో కలిసిందంటే నూరుడు ముద్దే. తుప్పు పొడి కూడా తక్కువదేం కాదు, బంగారానికి మెరుగుపెట్టే ఎర్రపొడి ఐరన్ ఆక్సైడే కదా. రాత్రి పట్టిన తుప్పుని పొద్దున బ్లేడు గీకేస్తుంది, కింద కొత్త ఇనుము బయటపడుతుంది, రాత్రికి దానికీ తుప్పు. తుప్పూ అరుగుదలా ఇలా ఒకదానికొకటి మేత వేసుకుంటాయి. అందుకే పాత గ్రీజు మీద కొత్త గ్రీజు పూయకూడదు. ఇంజను ఆపి, ముందు కిరసనాయిలు గుడ్డతో మొత్తం తీసేయాలి. తీరప్రాంతంలో అంతకంటే ముందు తడిగుడ్డతో ఉప్పు తుడిచి ఆరనివ్వాలి. ఉప్పుమీద గ్రీజు పూస్తే ఉప్పుని లోపల దాచిపెట్టినట్టే.

చాలామంది వాడేసిన ఇంజనాయిలు పూస్తారు. నేను వద్దంటాను. అందులో ఇంజనులో ఇంధనం మండినప్పుడు పుట్టిన ఆమ్లాలూ, నీటి చెమ్మా, మసీ ఉంటాయి. వంటనూనె కూడా వద్దు. దోసెపెనం మీద అది వేడికి గట్టిపడి మంచి పొర కడుతుంది, దూలం మీద మాత్రం జిగురై దుమ్ము పట్టుకుంటుంది. పట్టా కప్పేటప్పుడు నేలదాకా బిగించకుండా కింద గాలి ఆడనివ్వాలి, లేకపోతే నేల తేమంతా ఆవిరై దూలానికే చెమటపడుతుంది.

ఇక బ్లేడు. పచ్చి చింతమొద్దు చీల్చాక దానిమీద నల్లటి మరకలు పడతాయి. మామ వాటిని మసి అనుకున్నాడు. ఆ నలుపు మన కాళహస్తి కలంకారీలో నలుపే! అక్కడ తుప్పు ఇనుముని బెల్లంనీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి, కరక్కాయలో ముంచిన గుడ్డమీద గీస్తే గీత నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్లు అనే వగరు పదార్థాలు, ఇనుము కలిసి నల్లటి ఐరన్ టానేట్ అవుతాయి. పచ్చికట్టెలోనూ టానిన్లున్నాయి, కాస్త ఆమ్లమూ ఉంది. కాబట్టి ఆ మరక వెనక కొద్దిగా ఇనుము కరిగిపోయిందని అర్థం. పని అయిపోగానే తుడిచి, పల్చగా నూనె రాయాలి. పదును ఆకురాయితోనే పెట్టుకోవాలి. గ్రైండరుతో వేడెక్కిస్తే అంచు నీలంగా మారుతుంది, అంటే వేడి 300 డిగ్రీల దాకా వెళ్లి గట్టిదనం దిగిపోయిందన్నమాట.

ఇదే చర్యని మనకి అనుకూలంగానూ తిప్పుకోవచ్చు. తుప్పుని నల్లటి పొరగా మార్చే ద్రావణాలు దొరుకుతాయి, వాటిలో చాలావాటికి ఆధారం టానిక్ ఆమ్లమే. జారే భాగాలకి పనికిరావు గానీ చక్రాల ఇరుసుకీ, కాళ్లకీ బాగుంటాయి. వైరు బ్రష్షుతో పెచ్చులు రాల్చి, ఇది పూసి, పైన ప్రైమరూ రంగూ వేయాలి. ఈ సెప్టెంబరులో, వానలకి ముందు, ఆ పని నేనూ మామా కలిసి చేశాం. మిషను కాళ్లమీద ఎర్రటి తుప్పు మా కళ్లముందే ముదురు నీలమై, నల్లబడింది. మామ బ్లేడు మీది పాత మరకనీ దీన్నీ మార్చి మార్చి చూశాడు. "రెండూ ఒకటే రంగు" అన్నాడు.