వరస కలిస్తేనే మేలం

చిన్నోడికీ, చిట్టికీ, మీ స్నేహితులందరికీ జేజి ఆశీస్సులు.

మొన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నమాజు మీద ఎవరో అల్లిన జోకును చిన్నోడు క్లాసు గ్రూపులో పెట్టాడట. పక్క బెంచీ పిల్లాడు ఆ రోజు నుంచి మాట్లాడటం లేదట. "జోకే కదా జేజీ, దానికే అంత కోపమా?" అని చిన్నోడా, నువ్వు నన్నడిగావు. ఫోన్లో నాకు మాట పెగల్లేదు. ఇలాంటివి నాకు రాస్తేనే వస్తాయి.

మేలమాడటం అనే మాట మీరు విన్నారో లేదో. బావామరదళ్లు ఒకరినొకరు ఆటపట్టించుకుంటారే, అది. అందరితోనూ ఆడలేం. వరస ఉండాలి. వరస లేని మనిషి అదే మాటంటే అది ఎగతాళి అవుతుంది, గొడవలు కూడా అవుతాయి. మన ఊళ్లలో పాతకాలం వాళ్లు మతం దగ్గర కూడా ఈ పద్ధతే పెట్టుకున్నారు. ముందు వరస కలుపుకునేవాళ్లు, తర్వాతే నవ్వులు.

నా చిన్నప్పుడు మా పక్కిల్లు దూదేకుల వాళ్లది, దూది ఏకి పరుపులు కుట్టే ముస్లింలు. పొద్దున్నే విల్లు మోగేది, దూది పొగమంచులా లేచి మా గోడ మీదికి వచ్చి వాలేది. ఆయన, మా నాయన ఒకరినొకరు 'బావా' అనుకునేవాళ్లు. కాబట్టి నాకు ఆయన మామ. ఒకసారి కొత్త పరుపు తెచ్చిస్తే మా నాయన దాని మీద కూర్చుని, "ఏమి బావా, దీంట్లో దూది ఏసినావా, గాలి ఏసినావా?" అన్నాడు. మామ వెంటనే, "నీ బరువుకు దూది నిలుస్తాదా బావా, అందుకే గాలి నింపినా" అన్నాడు. మా అమ్మ వంటింట్లోంచి పకపకా నవ్వింది.

రంజాన్ నెలలో ఇద్దరూ ఇంకో రకంగా ఉండేవాళ్లు. ఎండలు మండుతున్నా మామ గుక్కెడు నీళ్లు కూడా ముట్టకుండా పని చేసేవాడు. మా నాయన ఆయన్ని ఏమీ అనేవాడు కాదు, తన మీద తానే జోకు వేసుకునేవాడు. "మీది ఒక్కపొద్దు బావా. మాది ఉపవాసం కాదు, ఉప్మావాసం. ఏకాదశి వస్తే మామూలు రోజు కంటే రెండు పిడికిళ్లు ఎక్కువే తింటాం." ఎండిన పెదాలతోనే మామ నవ్వేవాడు. ఎవరింటి గుట్టు మీద వాళ్లు నవ్వుకుంటే పక్కవాడికి కూడా తన గుట్టు విప్పాలనిపిస్తుంది. పండగ నాడు ఆయన మాకు సేమ్యా పంపి, "చక్కెర మీ చెల్లెలు ఏసింది, నేను ఏసుంటే తక్కువయ్యుండేది, పిసినారోణ్ణి" అని కబురు చేసేవాడు.

ఇంతలా నవ్వే మా నాయనకు కోపం రావడం కూడా చూశాను. ఊరికి కొత్తగా వచ్చిన మనిషొకడు మా అరుగు మీద కూర్చుని, మామ నమాజుకు వంగే తీరును అనుకరించి చూపించాడు. నాయన ఒకటే మాటన్నాడు, "అరుగు దిగు." ఇద్దరు బావలు ఇన్నేళ్లు ఒకరినొకరు ఏడిపించుకున్నారే, అందులో దేవుడి మాట గాని, ఇంటి ఆడవాళ్ల మాట గాని, చచ్చిపోయినవాళ్ల మాట గాని ఒక్కనాడూ రాలేదు. పరుపులు, పిసినారితనం, గురక, పొట్ట, వీటి మీదే వాళ్ల జోకులన్నీ. చిన్నోడా, నువ్వు పంపిన జోకు అరుగు మీది మనిషి జోకు. నువ్వు చెడ్డవాడివని కాదు, నువ్వు దాన్ని అల్లలేదు కూడా. కానీ పంపింది నువ్వే కదా నాయనా.

ఇలా వరస కలపడం మా ఇంటితోనే మొదలు కాలేదు. కడపలో దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడి ఉంది, తిరుమలకు తొలి గడప అంటారు. ఉగాది నాడు అక్కడికి ముస్లింలు కుటుంబాలతో వచ్చి దర్శనం చేసుకుంటారు. బురఖా వేసుకున్న ఆడవాళ్లు కొబ్బరికాయలు పట్టుకుని వరసలో నిలబడతారు. ఎందుకంటే వెంకన్న పెళ్లాడిన బీబీ నాంచారి వాళ్ల ఆడపిల్ల, కాబట్టి వెంకన్న వాళ్లింటి అల్లుడు. ఎవరు కట్టిన కథో గాని వాళ్లకు చేతులెత్తి దణ్ణం పెట్టాలి నేను. ఒక్క పెళ్లి కథతో రెండు మతాల వాళ్లను వియ్యంకుల్ని చేసేశారు!

అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి అనే పీరు ఉన్నాడు. కుళ్లాయి అంటే టోపీ. ఆయనకు మొక్కుకుని పుట్టిన పిల్లలకు కుళ్లాయప్ప అని పేరు పెడతారు, హిందువులూ పెడతారు. ముస్లిం ఇల్లు ఒక్కటీ లేని ఊళ్లలో కూడా మొహర్రానికి హిందువులే పీర్లను ఎత్తుతారు. మా ఊళ్లో ఆ పదిరోజుల్లో పులివేషాలు వచ్చేవి. ఒంటికంతా పసుపు రంగు, మీద నల్ల చారలు, వెనక తోక. తప్పెట మోగుతుంటే పులి దొర్లి దొర్లి, నేల మీది రూపాయిని నోటితో అందుకునేది. మేము కేకలు పెట్టి పరిగెత్తేవాళ్లం. కానీ పీర్లు ఏటికి కదిలే చివరి రోజు ఎవరూ నవ్వేవాళ్లు కాదు. 680లో కర్బలా ఎడారిలో నీటి చుక్క దొరకనివ్వకుండా ఇమాం హుస్సేన్‌నూ ఆయన వెంటున్నవాళ్లనూ చంపిన దుఃఖం అది. అంతదాకా గంతులేసిన పులి కూడా ఓ పక్కన చేతులు కట్టుకుని నిలబడేది. అప్పుడు ఆ పులి ముఖం మీద చెమటకు కారిన రంగు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

చిట్టీ, నువ్వు నాటకాలాడతానంటావు కదా, నీకొక పని చెబుతాను. బుర్రకథలో ముగ్గురుంటారు. మధ్యలో తంబురాతో కథకుడు, ఒక పక్క హాస్యం చెప్పేవాడు, ఇంకో పక్క ఊరి సంగతులూ రాజకీయాలూ చెప్పేవాడు. హాస్యగాడు కథ బయట నిలబడి రాళ్లు వేయడు. కథకుడి భుజం పక్కనే ఉండి, "అదెట్లా?" అని మనందరి తరఫునా అడుగుతాడు. ఈ కళకు తెలుగునాట పేరు తెచ్చిన షేక్ నాజర్ గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల ఇంట్లో పుట్టారు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం ఆయన చెబుతుంటే ఊళ్లకు ఊళ్లు తెల్లవార్లూ కూర్చునేవి. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టిన కథను ఒక ముస్లిం నోటి నుంచి విని, జనం కళ్లు తుడుచుకున్నారు.

వేసవి సెలవులకు ఇక్కడికి రండి, మనమూ ఒక బుర్రకథ కడదాం. కథ మా పక్కింటి మామదే పెట్టుకుందాం, పరుపుతో మొదలుపెట్టి. చిట్టి కథ చెబుతుంది. హాస్యం చెప్పడానికి చిన్నోడున్నాడు, కాకపోతే మన ఉప్మావాసంతో మొదలుపెట్టాలి. మూడోవాడు కావాలి కదా. చిన్నోడా, ఆ పక్క బెంచీ అబ్బాయి ఇంటికి వెళ్లు. ఫోన్లో వద్దు, నడిచి వెళ్లి, తప్పయిందని చెప్పు. వాళ్లమ్మానాన్నలను అడిగి మన ఊరికి తీసుకురా. వరసేంటో నేను కలుపుతాను.

మీ జేజి