అచ్చు పత్రికలు, వెబ్ పత్రికలు: డెస్కు నుంచి కొన్ని అపోహలు – వాస్తవాలు

ఇరవై ఏళ్లకు పైగా పత్రికల డెస్కులోనే ఉన్నాను. మొదట అచ్చు వారపత్రికలో సబ్ ఎడిటర్‌గా పనిచేశాను, ఇప్పుడు వెబ్ పత్రికలో పనిచేస్తున్నాను. పెళ్లిలో కలిసినా, సభలో కలిసినా ఎవరో ఒకరు "పాపం, మీ పత్రికలను ఫోన్లు మింగేశాయి" అంటారు. అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: స్మార్ట్‌ఫోను వచ్చి పత్రికలను చంపేసింది.

తేదీలు చూడండి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1924లో ప్రారంభించిన సాహిత్య మాసపత్రిక 'భారతి' 1991లో ఆగిపోయింది. అప్పటికి మన ఇళ్లలో కంప్యూటరే లేదు. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. సీరియల్ తరువాతి భాగం కోసం వారమంతా ఎదురుచూసే అవసరం తీరిపోయింది. మరోవైపు దినపత్రికలు మహిళల పేజీలు, ఆదివారం అనుబంధాలు మొదలుపెట్టాయి. వంటలు, వైద్య సలహాలు, వారఫలాలు, చివరికి కథ కూడా పొద్దున్నే పేపరుతో పాటు గుమ్మంలో పడుతుంటే వారపత్రికకు విడిగా డబ్బు పెట్టేవారు తగ్గారు.

బయటివారికి కనిపించని లెక్క ఇంకొకటి ఉంది. కవరు మీది ధరలో ఏజెంటు కమిషను, వాపసు వచ్చిన కాపీల నష్టం తీసేస్తే మిగిలేది చాలాసార్లు అచ్చు ఖర్చుకే చాలదు. ఆ లోటును ప్రకటనలు పూడ్చేవి. అవి టీవీకి తరలిపోయాక, పాఠకులు ఉన్న పత్రికలు కూడా నిలవలేకపోయాయి. 2019లో దిగుమతి న్యూస్‌ప్రింట్‌పై (పత్రికలు అచ్చువేసే కాగితంపై) కేంద్రం 10 శాతం సుంకం వేసింది. మరుసటి ఏడాది దాన్ని 5 శాతానికి తగ్గించింది కానీ, అంతలోనే లాక్‌డౌన్ వచ్చింది. పత్రికల కట్టలు మోసే బస్సులు, రైళ్లు ఆగిపోయాయి. బస్టాండుల్లో పుస్తకాల స్టాళ్లు మూతపడ్డాయి. 1978 నుంచి వస్తున్న కథల, నవలల మాసపత్రికలు 'విపుల', 'చతుర' 2021లో సెలవు తీసుకున్నాయి. ఫోను ఈ కథలోకి వచ్చింది చివరి అంకంలోనే.

అపోహ: అప్పట్లో అందరూ పత్రికలు కొని చదివేవారు.

కొన్నది ఒకరు, చదివింది పదిమంది. అద్దె పుస్తకాల షాపులో రోజుకు ఇంత అని ఇచ్చి తెచ్చుకునేవారు. ఆ ఇంటి నుంచి పక్కింటికి, అక్కడి నుంచి వెనక వీధికి పత్రిక నడిచేది. మా అమ్మ సీరియల్ పేజీలు జాగ్రత్తగా విడదీసి, ఏడాది చివర అట్ట వేయించి బైండు చేయించేది. పురికొస కుట్టు, మైదా జిగురు వాసన నాకు ఇప్పటికీ గుర్తే. ఆ బైండు పుస్తకాల సంగతి మళ్లీ చెబుతాను.

అపోహ: వెబ్ పత్రికకు ఖర్చేముంది?

కాగితం, సిరా, తపాలా మిగులుతాయి, నిజమే. అయితే రిజిస్టరైన పత్రికలకు తపాలా శాఖ తేలికపాటి కాపీని పావలాకే చేరవేసే రాయితీ ఇచ్చింది. కాబట్టి తపాలాలో మిగిలేది పెద్దగా లేదు. కథను ఎంపిక చేయడం, రచయితతో మాట్లాడి దిద్దడం, రెండుసార్లు ప్రూఫు చూడడం, బొమ్మ వేయించడం: ఈ శ్రమ కాస్త కూడా తగ్గలేదు. రాబడి మాత్రం లేదు. గూగుల్ ప్రకటనల వ్యవస్థ తెలుగు సైట్లను అధికారికంగా చేర్చుకున్నది 2018లో. అందుకే మన వెబ్ పత్రికల్లో చాలావరకు సంపాదకుల స్వచ్ఛంద శ్రమతోనే నడుస్తున్నాయి. రచయితకు పారితోషికం ఇవ్వలేకపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. మొదటి కథకు మనియార్డరు అందుకున్న రచయిత ముఖం నేను చూశాను.

అపోహ: కుర్రవాళ్లు తెలుగు చదవడం లేదు.

ఫోన్లో కథలు, సీరియళ్లు చదువుకునే 'ప్రతిలిపి' తెరిచి సీరియళ్ల కింద వ్యాఖ్యలు చూడండి. "తరువాతి భాగం ఎప్పుడు?" అన్న ఈ ప్రశ్నే ఒకప్పుడు మా డెస్కుకు పోస్టుకార్డుల మీద వచ్చేది. ప్రతిలిపిలో కొరవడింది దిద్దే చేయి.

అపోహ: ఒకసారి కంప్యూటర్లోకి ఎక్కితే ఇక శాశ్వతం.

ఇన్నింటిలో నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. కొన్నేళ్ల కిందట ఒక పాత దీపావళి ప్రత్యేక సంచికను వెబ్‌లో పెట్టాలనుకున్నాం. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన దాని ఫైలు భద్రంగానే ఉంది. అందులోని మొదటి పేరా కాపీ చేసి పేస్టు చేస్తే ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలగలిసి పడ్డాయి. కంప్యూటర్లో పేజీలు కూర్చడానికి (డీటీపీ) వాడిన పాత ఫాంట్లు యూనికోడ్‌కు, అంటే కంప్యూటర్లన్నీ ఒకేలా గుర్తించే అక్షర సంకేతాలకు, ముందు తరానివి. వాటిలో తెలుగు అక్షరం తెరమీద కనిపిస్తుందే తప్ప, లోపల ఉన్నది తెలుగు కాదు. పాత ఫాంటును యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లో వేస్తే వత్తులు రాలిపోయాయి, కొన్నిచోట్ల గుణింతాలు పక్క అక్షరానికి అతుక్కున్నాయి. అచ్చు ప్రతిని పక్కన పెట్టుకుని ముగ్గురం వారం రోజులు కూర్చుంటే గానీ ఆ సంచిక తేలలేదు. ఆ అచ్చు ప్రతి మా దగ్గర లేదు. ఒక పాఠకురాలు తన బైండులోంచి ఇచ్చారు.

వెబ్‌లో నిలిచినవీ ఉన్నాయి. 1998లో మొదలైన వెబ్ సాహిత్య పత్రిక 'ఈమాట' పాత సంచికలన్నీ నేటికీ చదువుకోవచ్చు, ఎందుకంటే ఎవరో ఒకరు వాటిని పట్టించుకుంటూనే ఉన్నారు. పట్టించుకునేవారు లేని సైట్లు డొమైన్ గడువు తీరిన రోజే మాయమయ్యాయి, వాటితో పాటు కథలు కూడా.

శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో స్థాపించిన కథానిలయం పాత పత్రికల్లోని కథలను వెతికి భద్రపరుస్తోంది. ఇల్లు మారేటప్పుడు అటక మీంచి అమ్మమ్మ బైండు ఒకటి దిగితే, తూకానికి వేసే ముందు సంచిక తేదీ ఉన్న పేజీ, విషయసూచిక ఫొటో తీయండి. అలాంటి చోట ఆ సంచిక ఉందో లేదో ఒక్క మాట అడగండి. మా దీపావళి సంచిక దొరికింది అలాంటి బైండులోనే.