షెల్ స్క్రిప్టులో "వై/ఎన్" అడగడం: అపోహలు - వాస్తవాలు

షెల్ స్క్రిప్టు అంటే కమాండ్లని ఒక ఫైల్లో వరసగా రాసి నడిపేది. "డిలీట్ చేయమంటారా? వై/ఎన్" (వై అంటే అవును, ఎన్ అంటే వద్దు) అని అడిగే స్క్రిప్టు రాయని సిస్టమ్ అడ్మిన్ ఉండరు. ఆ జవాబు చదివే రెండు లైన్లని మాత్రం రివ్యూలో ఎవరూ ఆగి చూడరు.

అపోహ: యూజర్ ఎన్ కొడితే ఆపేస్తే చాలు.

వాస్తవం: అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. నేను ఇదివరకు పనిచేసిన చోట పాత బ్యాకప్‌లు తుడిచే స్క్రిప్టు ఒకటి ఉండేది, జవాబు ఎన్ అయితే బయటికి రావాలి, కాకపోతే కింద ఉన్న ఆర్‌ఎమ్ (ఫైళ్ళు తుడిచే కమాండ్) నడవాలి, అంతే లాజిక్. ఒక రాత్రి డ్యూటీలో ఉన్న అబ్బాయి ఏమీ టైప్ చేయకుండా ఎంటర్ కొట్టాడు, ఏమీ చెప్పలేదు కాబట్టి ఏమీ జరగదనుకున్నాడు. జవాబు దాచిన వేరియబుల్ ఖాళీ, షరతులో దాని చుట్టూ డబుల్ కోట్స్ లేవు. "యూనరీ ఆపరేటర్ ఎక్స్‌పెక్టెడ్" అని ఒక్క లైన్ కనిపించింది, ఇఫ్ ఆ ఎర్రర్‌ని కూడా "జవాబు ఎన్ కాదు" కిందే లెక్కేసింది, బ్యాకప్‌లు పోయాయి. సెట్ మైనస్ ఈ (కమాండ్ ఫెయిలైతే స్క్రిప్టుని ఆపే సెట్టింగ్) ఉన్నా ఆగదు, ఇఫ్ షరతులో వచ్చే ఫెయిల్యూర్ దాని లెక్కలోకి రాదు.

మర్నాడు కోట్స్ పెట్టి సమస్య తీరిందన్నారు. తీరలేదు! ఎర్రర్ మెసేజ్ మాయమవుతుంది గానీ ఖాళీ జవాబు ఎన్‌తో సమానం కాదు, డిలీట్ అలాగే జరుగుతుంది. షరతునే తిప్పి రాయాలి. కేస్ (జవాబుని నమూనాలతో పోల్చే షరతు) పెట్టి వై గానీ యెస్ గానీ వస్తేనే ముందుకు వెళ్ళనివ్వండి, మిగతా ఏది వచ్చినా బయటికే. వై తర్వాత స్టార్ (ఆపైన ఏ అక్షరాలైనా సరే అనే గుర్తు) పెట్టి వదిలేయకండి, "యెస్టర్‌డే" అన్నా ఒప్పుకుంటుంది.

అపోహ: జవాబు చదివే రీడ్ కమాండ్ ఎప్పుడూ మనిషి కోసం ఆగుతుంది.

వాస్తవం: అది చదివేది స్క్రిప్టుకి ఇన్‌పుట్ వచ్చే మామూలు దారి అయిన స్టాండర్డ్ ఇన్‌పుట్‌ని, అటువైపు మనిషి ఉన్నాడో లేడో దానికి తెలియదు. క్రాన్‌లో (టైం ప్రకారం స్క్రిప్టుల్ని తనంతట తానే నడిపేది) నడిస్తే వెంటనే ఫెయిల్ అవుతుంది, సరైన జవాబు వచ్చేదాకా అడిగే వైల్ లూప్ గనక పెట్టి ఉంటే తెల్లారేసరికి లాగ్ ఫైల్ డిస్కుని నింపేస్తుంది. సర్వర్ల పేర్లున్న ఫైల్‌ని వైల్ రీడ్‌తో చదువుతూ లోపల మళ్ళీ "ఈ సర్వర్ రీస్టార్ట్ చేయనా" అని అడిగితే, తర్వాతి సర్వర్ పేరే జవాబుగా వచ్చి పడుతుంది. కర్ల్‌తో డౌన్‌లోడ్ అవుతున్న స్క్రిప్టుని నేరుగా బ్యాష్ షెల్‌కి పైప్ చేసినప్పుడైతే ఆ స్క్రిప్టులోని తర్వాతి లైనే జవాబు. ఇలాంటి చోట్ల /డెవ్/టీటీవై (యూజర్ ముందున్న టెర్మినల్) నుంచి చదవండి, అది తెరుచుకోకపోతే "వద్దు" అనే తీసుకోండి. మనిషి లేకుండా నడవాల్సిన స్క్రిప్టుకి "మైనస్ మైనస్ యెస్" లాంటి ఆప్షన్ విడిగా ఇవ్వండి.

అపోహ: నా మెషీన్‌లో నడిచింది, ఎక్కడైనా నడుస్తుంది.

వాస్తవం: ఉబుంటులో 2006 నుంచి ఎస్‌హెచ్ అంటే డ్యాష్ అనే వేరే షెల్, అక్కడ రీడ్‌కి మైనస్ ఎన్ (ఇన్ని అక్షరాలే చదవమనే ఆప్షన్) లేదు. జెడ్‌షెల్‌లో మైనస్ పి అంటే బ్యాష్‌లోలా ప్రాంప్ట్ (తెరపై చూపే ప్రశ్న) కాదు, కోప్రాసెస్ (పక్కనే నడిచే ఇంకో ప్రోగ్రామ్) నుంచి చదవమని. ప్రింట్‌ఎఫ్‌తో ప్రశ్న వేసి రీడ్ మైనస్ ఆర్‌తో జవాబు తీసుకుంటే ఈ గొడవే ఉండదు. బ్యాష్‌లో కూడా ఒక్క అక్షరమే చదివే పద్ధతి నాకు నచ్చదు, యూజర్ యెస్ అని పూర్తిగా కొడితే మిగిలిన అక్షరాలు తర్వాతి ప్రశ్నకి జవాబుగా వెళ్ళిపోతాయి.

రాశాక మూడు సార్లు నడపండి: ఒట్టి ఎంటర్‌తో, ఇన్‌పుట్ అయిపోయిందని చెప్పే కంట్రోల్ డి‌తో, ఇన్‌పుట్‌ని ఎప్పుడూ ఖాళీగా ఉండే /డెవ్/నల్ నుంచి ఇచ్చి. మూడింటిలోనూ ఒక్క ఫైలు కూడా కదలకూడదు.