బిల్డ్ అయింది గని ఒత్తు ఊడింది

సోర్స్ కోడ్ నుంచి, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్ నుంచి, వీడియో ప్లేయర్‌ను బిల్డ్ చేస్తుంటే, అంటే మన మెషీన్‌లో నడిచే ప్రోగ్రామ్‌గా తయారు చేస్తుంటే, మధ్యలో ఎర్రర్ వచ్చి ఆగిపోయిందనుకోండి, అది మంచికే. ఎక్కడ తేడా కొట్టిందో చెప్పి మరీ ఆగింది. అసలు టెన్షన్ పెట్టేది ఏ గొడవా లేకుండా చివరిదాకా పోయే బిల్డ్.

నల్లగొండలో ఓ కాలేజీ ల్యాబ్‌లో జరిగిన సంగతే తీసుకుందాం. పిల్లలు పక్కనే ఉన్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం మీద చిన్న డాక్యుమెంటరీ తీశారు. గర్భగుడిలో శివలింగం వెనక గోడ మీద పగలంతా స్తంభం లాంటి నీడ నిలిచి ఉంటుందే, ఆ గుడి. ఫోన్‌లో తీసిన ఆ వీడియో హెచ్.265 అనే, వీడియోను బాగా కుదించే ఫార్మాట్‌లో ఉంది. తెలుగు సబ్‌టైటిల్స్ వేరే ఫైల్‌లో రాసుకున్నారు. ల్యాబ్‌లోవి లినక్స్ మీద నడిచే పాత కంప్యూటర్లు. వాటిలో ఎంప్లేయర్ అనే వీడియో ప్లేయర్‌ను సోర్స్ నుంచి బిల్డ్ చేసి చూపించాలని వాళ్ల పట్టుదల. ఆప్ట్ ఇన్‌స్టాల్ అని ఒక్క లైన్ కొడితే రెడీమేడ్ ప్లేయర్ వచ్చి కూర్చునేదానికి ఇంత తంటా ఎందుకంటే, నేర్చుకోవడానికి. అంతకుమించి కారణం అక్కర్లేదు.

ఎంప్లేయర్‌ను 2000లో హంగేరీకి చెందిన ఆర్పాద్ గెరోఫీ మొదలుపెట్టాడు. అదే ఏడాది ఫ్రాన్స్‌లో ఫాబ్రీస్ బెల్లార్ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ మొదలుపెట్టాడు. వీడియోను విప్పి బొమ్మలుగా మార్చే బరువు పని ఎంప్లేయర్‌లో ఎక్కువగా ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ కోడే చేస్తుంది. అక్షరాలు గీసే పని మరో లైబ్రరీది (లైబ్రరీ అంటే వేరే ప్రోగ్రాములు వాడుకునే రెడీమేడ్ కోడ్), సౌండ్ ఇంకోదానిది. ప్లేయర్ బిల్డ్ చేయడమంటే ఇన్ని ముక్కల్ని వెతికి పట్టుకుని ఒకచోట కలపడం.

వెతికే పని కన్ఫిగర్ అనే స్క్రిప్ట్‌ది. అది మెషీన్‌లో ఏమేం ఉన్నాయో ఒక్కొక్కటే అడుగుతూ, ఎదురుగా ఎస్ అనో నో అనో రాసుకుంటూ పోతుంది. ఆ తర్వాత మేక్ అనే కమాండ్ కొడితే కంపైలర్ వందల ఫైళ్లను ఒక్కొక్కటిగా మెషీన్ కోడ్‌గా మారుస్తుంది. చివర్లో లింకర్ వాటన్నిటినీ కలిపి ఒక్క ప్రోగ్రామ్‌గా చేస్తుంది.

పిల్లల బిల్డ్ ఇవన్నీ దాటింది. ఒకతను ఫోన్ చేశాడు. "అన్నా, బొమ్మ వస్తున్నది, మాట వస్తున్నది. గని సోమేశ్వరుని ఒత్తు ఊడిపోయింది!"

తెర మీద "సోమేశ్వర" బదులు "సోమేశ్‌వర" అని పడుతోంది. శ మీద పొల్లు, పక్కన విడిగా వ. "స్త్రీ" ఉన్నచోట "స్‌త్‌రీ". ఫాంట్ పాడైందేమోనని రెండు మూడు ఫాంట్లు మార్చి చూశారట. ఫాంట్‌లో ఏ దోషమూ లేదు.

కంప్యూటర్‌లో అక్షరాలకు నంబర్లు ఇచ్చే యూనికోడ్‌లో "శ్వ"కు ప్రత్యేకంగా ఒక నంబర్ లేదు. శ, పొల్లు, వ అని వరసగా మూడు నంబర్లు ఉంటాయి, అంతే. "స్త్రీ" అయితే ఆరు. ఆ నంబర్లను చూసి, ఇక్కడ వ కిందికి దిగి ఒత్తు కావాలి, పొల్లు మాయం కావాలి అనే నిర్ణయం ఎవరో తీసుకోవాలి. నియమాలు ఫాంట్ లోపలి పట్టికల్లోనే రాసి ఉంటాయి. వాటిని చదివి అమలు చేసేది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ. సబ్‌టైటిల్స్ గీసే లిబ్‌యాస్ లైబ్రరీ దాని సాయం తీసుకుంటుంది. ఇంగ్లీషుకు ఈ బాధ లేదు, నంబర్‌కో అక్షరం పక్కపక్కన పేర్చుకుంటూ పోయినా చదవడానికి బాగానే ఉంటుంది. ఎంప్లేయర్‌కు లిబ్‌యాస్ దొరక్కపోతే తన సొంత పాత పద్ధతిలో అలాగే పేరుస్తుంది. మన ఒత్తులు అక్కడే ఊడతాయి.

మరి లిబ్‌యాస్ మెషీన్‌లో లేదా అంటే, ఉంది.  తిరకాసు ఇక్కడే. ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్‌లలో ఒక్కో లైబ్రరీని రెండు ప్యాకేజీలుగా విడదీస్తారు. ప్రోగ్రామ్ నడవడానికి కావాల్సింది ఒకటి. కొత్త ప్రోగ్రామ్ బిల్డ్ చేయడానికి కావాల్సిన హెడర్ ఫైళ్లు (లైబ్రరీలో ఏమేం ఉన్నాయో కంపైలర్‌కు చెప్పేవి), లైబ్రరీ ఎక్కడుందో చెప్పే చిన్న పీసీ ఫైల్ రెండోదాంట్లో ఉంటాయి. దాని పేరు చివర డెవ్ అని ఉంటుంది. అది లేకపోతే బస్టాండ్‌లో బోర్డు లేని బస్సు ఆగినట్టే. బస్సు కళ్ల ముందే ఉంటుంది గానీ దేవరకొండ పోతుందో మిర్యాలగూడ పోతుందో కన్ఫిగర్‌కు తెలియదు, ఎక్కదు.

ఎక్కకపోగా అరవదు కూడా. లిబ్‌యాస్ తప్పనిసరి కాదు కాబట్టి ఎదురుగా నో అని రాసి ముందుకు పోతుంది. ఆ నో వందల లైన్ల మధ్య క్షణంలో పైకి జారిపోతుంది. అందరి కళ్లూ చివరి లైన్ మీదే ఉంటాయి. అందుకే కన్ఫిగర్ అయ్యాక మేక్ కొట్టడానికి తొందరపడొద్దని పిల్లలకు చెప్తుంటాను. ఆ నో లన్నీ ఒకసారి చదవాలి. అక్కర్లేనివే ఎక్కువ ఉంటాయి, కాదనను. అనుమానం వస్తే పక్కనే కన్ఫిగ్.లాగ్ అనే ఫైల్ ఉంటుంది. ఏం వెతికిందో, ఎందుకు దొరకలేదో అందులో పూసగుచ్చినట్టు ఉంటుంది.

లిబ్‌యాస్-డెవ్ ఎక్కించి మళ్లీ మేక్ కొడితే ఏమీ మారలేదన్నారు. మారదు మరి. పాత జవాబులు అలాగే రాసి ఉన్నాయి. మేక్ డిస్ట్‌క్లీన్ కొట్టి పాతదంతా తుడిచేసి, కన్ఫిగర్‌ను మొదటినుంచి నడిపించాలి. ప్లేయర్‌ను తెరిచేటప్పుడు హైఫన్ ఏఎస్ఎస్ అనే ఆప్షన్ కూడా ఇస్తే, లిబ్‌యాస్‌తోనే గీయమని చెప్పినట్టు. సోమేశ్వరునికి ఒత్తు తిరిగొచ్చింది.

రెండో ఫిర్యాదు వెంటనే వచ్చింది. వీడియో ఆగి ఆగి నడుస్తోంది. దీనికి మూలం కన్ఫిగర్ ఇచ్చిన ఒక ఎర్రర్‌లో ఉంది. అసెంబ్లీ అంటే ప్రాసెసర్ సొంత ఆజ్ఞల్లో రాసే కోడ్, దాన్ని మెషీన్ కోడ్‌గా మార్చేది అసెంబ్లర్. యాస్మ్ అనే అసెంబ్లర్ దొరకలేదు, అది లేకుండానే కానివ్వాలనుకుంటే ఫలానా ఆప్షన్ ఇవ్వమని కన్ఫిగర్ ఆగి చెప్పింది. పిల్లలు ఆ ఆప్షన్ ఇచ్చేశారు. చాలామంది ఇస్తారు కూడా. ఎర్రర్ తనంతట తనే దారి చూపిస్తుంటే ఎవరు కాదంటారు?

కానీ లెక్క చూడండి. 1080పీ వీడియోలో ఒక్క బొమ్మకు 1920 × 1080, అంటే 20,73,600 చుక్కలు. సెకనుకు 30 బొమ్మలంటే 6 కోట్ల 22 లక్షల చుక్కలు. హెచ్.265 ప్రమాణం 2013లో వచ్చింది, ఆ పాత మెషీన్లలో దాన్ని విప్పే ప్రత్యేక హార్డ్‌వేర్ లేదు. భారమంతా ప్రాసెసర్ మీదే. ప్రాసెసర్‌లో లెక్కల కోసం విలువలు పెట్టుకునే 128 బిట్ల రిజిస్టర్‌లో 8 బిట్ల విలువలు 16 పడతాయి, వాటన్నిటి మీదా ఒకే ఆజ్ఞతో పని జరుగుతుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వాళ్లు ఆ ఆజ్ఞల్ని అసెంబ్లీలో చేత్తో రాసిపెట్టారు. యాస్మ్ వద్దనడమంటే ఆ కోడ్‌లో చాలా భాగాన్ని పక్కన పడేయడమే. యాస్మ్ ఎక్కించి మళ్లీ బిల్డ్ చేశాక వీడియో సాఫీగా నడిచింది.

మిగతావి చిన్నవి. మేక్ మధ్యలో ఆగితే చివర కనిపించే ఎర్రర్ 1 అనే లైన్‌లో విషయం ఉండదు. పైకి పోయి మొట్టమొదటి ఎర్రర్ చదవాలి. ర్యామ్ తక్కువున్న మెషీన్‌లో ఒకేసారి నాలుగు పనులు నడిపితే కంపైలర్‌ను సిస్టమే చంపేయొచ్చు, అప్పుడు ఒక్కొక్కటిగా నడిపించాలి. ఏదైనా లైబ్రరీని కూడా మీరే సోర్స్ నుంచి కట్టుకుంటే, ప్లేయర్ తెరవగానే షేర్డ్ లైబ్రరీ దొరకలేదని అనొచ్చు. ఫైల్ యూజర్ లోకల్ ఫోల్డర్‌లో ఉంటుంది, సిస్టమ్ జాబితాలో మాత్రం ఎక్కి ఉండదు. సుడో ఎల్‌డీకాన్ఫిగ్ కొడితే ఎక్కుతుంది. ప్లేయర్ ఏ లైబ్రరీని ఏ ఫోల్డర్ నుంచి తెచ్చుకుంటోందో ఎల్‌డీడీ అనే కమాండ్ చూపిస్తుంది.

పనయ్యాక సోర్స్ ఫోల్డర్ చెత్తలా కనిపిస్తుంది గానీ తీసేయకండి. మేక్ ఇన్‌స్టాల్‌తో పెట్టినవి ఆప్ట్ లెక్కలో ఉండవు. రేపు ఆ ప్లేయర్ వద్దనుకుంటే మేక్ అన్‌ఇన్‌స్టాల్ కొట్టాల్సింది ఆ ఫోల్డర్‌లోనే.