వెన్ను మీది చిన్న రెక్క

హిల్స్‌బరో, ఆరెగాన్

చిన్నీకి, బుజ్జిగాడికి,

మీ అత్త పంపిన వీడియో చూసి ఇద్దరూ ఒకటే అడిగారు. "అంత పెద్ద చేప పడితే, ఆ పడవాయన మళ్ళీ నీళ్ళలోకి ఎందుకు వదిలేశాడు తాతయ్యా?" అని. ఫోన్‌లో చెబుదామంటే మీ నాన్నమ్మ మధ్యలో లాక్కుంటుంది. అందుకే రాస్తున్నాను.

అది కోహో సాల్మన్. మన పులస అనుకోండి. పులస సముద్రంలో పెరిగి, గోదావరికి ఎర్రనీరు రాగానే గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతుంది కదా? సాల్మనూ అంతే. కాకపోతే ఇక్కడ సీజను సెప్టెంబరులో మొదలై నవంబరు దాకా ఉంటుంది. మేం వెళ్ళింది టిల్లమూక్ బేకి. విల్సన్ నది పక్కనే కొండల్లోంచి దిగే రోడ్డు మీద మీ మావయ్య కారు నడిపాడు. విల్సన్, ట్రాస్క్, కిల్చిస్, మయామి, టిల్లమూక్ అని అయిదు నదులు ఆ చిన్న అఖాతంలోనే కలుస్తాయి. వానలు పడి ఏళ్ళు పొంగేదాకా చేపలు అక్కడే తచ్చాడుతుంటాయి. పులస వరదనీటి కోసం కాచుకున్నట్టే. ఆ కొద్ది వారాలే పడవవాళ్ళకి పంట.

వాళ్ళని గైడ్ అంటారు. పడవుంటే చాలదు. మరపడవలో జనాన్ని ఎక్కించుకోవాలంటే కోస్ట్ గార్డ్ పరీక్ష పాసవ్వాలి. చేపలు పట్టడానికి నాకూ ఒక్కరోజు లైసెన్సు కొన్నారు! ఆటు వచ్చిందంటే ఆ బేలో సగం చోట్ల బురద తేలుతుంది. లోతు ఎక్కడుందో, పోటు ఏ వేళకు తిరుగుతుందో గైడుకి తెలియాలి. ఆయన గేలానికి హెర్రింగ్ అనే చేపని ఎర గుచ్చాడు. అదీ పులసా దగ్గరి బంధువులు. చుట్టాన్ని ఎరగా పెట్టారన్నమాట.

మా చిన్నప్పుడు ధవళేశ్వరంలో గేలంతో పులసని పట్టడమన్న మాటే లేదు. నీళ్ళలోని కంటికానని నలుసులు తినే చేప, ఎరకి ఎందుకొస్తుంది? వలే వెయ్యాలి. శ్రావణమాసంలో తెల్లారకుండానే మా నాన్న నన్ను రేవుకి తీసుకెళ్ళేవాడు. నావ ఒడ్డుకు రాగానే బేరం. బయటికి తీస్తే పులస ఎంతోసేపు బతకదు. అందుకని నేను చూసినవన్నీ చచ్చినవే, వెండి పొలుసులు మాత్రం ఇంకా మెరుస్తుండేవి. మా అమ్మ మట్టిదాకలో బెండకాయలు వేసి పులుసు పెట్టి, పైన వెన్నపూస వేసి, ఇవాళ ముట్టుకోవద్దు, రేపు తినండి అనేది. ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు. సరే, మీ ప్రశ్న ఎటో పోతోంది.

మా చేప పడవ పక్కకి వచ్చాక గైడు దాన్ని పైకి తియ్యలేదు. వంగి వీపు చూశాడు. సాల్మన్‌కి వీపు మీద పెద్ద రెక్క ఒకటి ఉంటుంది. దాని వెనక, తోకకి ఇవతల, వేలిగోరంత మెత్తటి కండ రెక్క ఇంకోటి. అది ఉంటే చేప ఏట్లో పుట్టింది. లేకపోతే హేచరీలో, అంటే మనుషులు గుడ్లు పొదిగించి పెంచే చోట పుట్టింది. అక్కడ పిల్లలని ఏట్లో వదిలేముందే ఆ రెక్క కత్తిరిస్తారు, మళ్ళీ మొలవదు. రెక్క లేని కోహోని ఉంచుకోవచ్చు. ఉన్నదాన్ని ఆ రోజు రూలు ప్రకారం వదిలెయ్యాలి. ఏట్లో పుట్టే కోహోలు ఈ తీరంలో బాగా తగ్గిపోయాయని 1998లో అమెరికా ప్రభుత్వం వాటిని కాపాడాల్సిన జాబితాలో చేర్చింది. మన చేపకి రెక్క ఉంది. పట్టకారుతో గేలం ఊడదీశాడు, అది తోక ఒక్కసారి కొట్టి పోయింది. చుట్టుపక్కల ఇంకో పడవ కూడా లేదు, చూసేవాళ్ళెవరు? అయినా వదిలాడు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది. మీరూ పరీక్షల్లో గుర్తుంచుకోండి.

ఇక పులస పోలిక ఇక్కడితో సరి. పులస గుడ్లు పెట్టి తిరిగి సముద్రానికి పోతుంది. కోహో పోదు. ఏట్లోకి వచ్చాక తిండి మానేస్తుంది, ఒళ్ళు ఎర్రబారుతుంది, మగదాని ముక్కు కొక్కెంలా వంగుతుంది. గుడ్లు పెట్టాక ఆడదీ మగదీ రెండూ చచ్చిపోతాయి. చిన్నీ, బాధపడకు. ఆ కళేబరాలే ఏటిలో పురుగులకీ, ఆ పురుగులు మళ్ళీ సాల్మన్ పిల్లలకీ తిండి.

ఇంకో వింత. అవి వచ్చేది ఏదో ఒక ఏటికి కాదు, తాము పుట్టిన ఏటికే. వాసన పట్టి. 1950లలో ఆర్థర్ హాస్లర్ అనే ఆయనా, తోటివాళ్ళూ సియాటిల్ దగ్గర ఇసాక్వా వాగులో కోహోలని పట్టి, కొన్నిటి ముక్కులు మూసి వదిలారు. ముక్కు మూసినవి ఏ పాయలోకి తిరగాలో తెలియక తడబడ్డాయి. ఏడాదిన్నర సముద్రంలో తిరిగొచ్చాక కూడా ఆ వాసన ఎలా గుర్తుంటుందో తలుచుకుంటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. అంతకంటే నన్నేమీ అడక్కండి.

ఆ చిన్న రెక్క ఎలా ఉంటుందో చూడాలంటే ఇంత దూరం రానక్కర్లేదు. పులసకి అది ఉండదు, జెల్లకి ఉంటుంది. ఈసారి మీ నాన్న సంతలోంచి జెల్లలు తెస్తే, మీ అమ్మ కత్తిపీట ముందు కూర్చోకముందే అడిగి ఒకటి తీసుకోండి. వీపు మీది రెక్కకీ తోకకీ మధ్య వేలు పెట్టి చూడండి, మెత్తగా ఉంటుంది. పక్క రెక్కల జోలికీ, వీపు మీది పెద్ద రెక్క జోలికీ మాత్రం పోకండి. జెల్ల ముల్లు గుచ్చుకుంటే సాయంత్రం దాకా సలుపుతుంది.

మీ తాతయ్య