తీన్‌మూర్తి గడప దాటిన 51 పెట్టెలు

నెహ్రూ కాగితాల గొడవ మళ్లీ రాజుకుంది. ఢిల్లీ తీన్‌మూర్తి భవన్ లైబ్రరీలో ఉండాల్సిన ఆయన కాగితాలు 51 పెట్టెల్లో సోనియా గాంధీ దగ్గరికి వెళ్లిపోయాయన్నది కాంగ్రెస్ మీద ఆరోపణ. 2025 డిసెంబరు 15న కేంద్ర సాంస్కృతిక మంత్రి గజేంద్ర సింగ్ షెకావత్ లోక్‌సభకు రాతపూర్వకంగా జవాబిచ్చారు. ఆ ఏడాది తనిఖీలో ప్రధానమంత్రుల మ్యూజియం (తీన్‌మూర్తిలోని ఒకప్పటి నెహ్రూ మ్యూజియం, లైబ్రరీ) నుంచి నెహ్రూ పత్రాలేవీ గల్లంతు కాలేదన్నది దాని సారాంశం. ఇన్నాళ్లూ మమ్మల్ని ఆడిపోసుకున్నారు, ఇక క్షమాపణ చెప్పండని కాంగ్రెస్ అందుకుంది. రెండు రోజులకు షెకావతే మళ్లీ వివరణ ఇచ్చారు. పెట్టెలు ఎక్కడున్నాయో తెలుసు కాబట్టి గల్లంతు అనలేదు, అవి సోనియా గాంధీ దగ్గరున్నాయి అని.

డిసెంబరు 15 అనగానే బెజవాడ, గుంటూరు వాళ్లకు ఢిల్లీ కాదు, పొట్టి శ్రీరాములు గుర్తొస్తారు. 1952లో ఆయన కన్నుమూసింది ఆ రోజే. అంతకు పన్నెండు రోజుల ముందు నెహ్రూ అప్పటి మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీకి ఒక ఉత్తరం రాశారు. ఆంధ్ర కోసం ఏదో నిరాహార దీక్షట, కంగారు టెలిగ్రాములు వస్తున్నాయి, నాకు మాత్రం చలనం లేదు, అసలు పట్టించుకోదలచుకోలేదు అని. అదే నెల 19న ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించిందీ ఆయనే. ఆ ఉత్తరం అచ్చయింది కాబట్టి ఆ పదహారు రోజుల్లో ఆయన ఎంత దూరం వచ్చారో మనకు తెలిసింది. పెట్టెలో ఉండిపోతే?

తీన్‌మూర్తి భవన్ లైబ్రరీ పాత కథంతా వదిలేద్దాం. నా లెక్కలో అసలు మలుపు 2008. నెహ్రూ స్మారక నిధి 1971లో అప్పగించిన కాగితాల్లోంచి కుటుంబ ఉత్తరాలు, నోట్లు వెనక్కి కావాలని ఆ ఏడాది ఏప్రిల్ 29న సోనియా తరఫున లేఖ వచ్చింది. అప్పుడు అధికారంలో ఉన్నది యూపీఏ, ఆమె దాని ఛైర్‌పర్సన్. 51 పెట్టెలు కట్టి పంపేశారు.

అందులో ఉన్నాయంటున్న ఉత్తరాలు ఎవరితోనో చూడండి. ఎడ్వినా మౌంట్‌బాటన్, ఐన్‌స్టీన్, జయప్రకాశ్ నారాయణ్, పద్మజా నాయుడు, విజయలక్ష్మి పండిట్, గోవింద్ వల్లభ్ పంత్, జగ్జీవన్ రామ్. విజయలక్ష్మి సొంత చెల్లెలు, సరే. నెహ్రూ కేబినెట్‌లో మంత్రులైన పంత్, జగ్జీవన్ రామ్ ఏ వరస? పైగా నెహ్రూ ప్రధానిగా ఉన్నన్నాళ్లూ విదేశాంగ శాఖ కూడా ఆయనదే. ఎడ్వినాకు రాసినదాంట్లో ఎంత సొంతం, ఎంత సర్కారీ అన్నది చదివిన చరిత్రకారుడు తేల్చాలి, పెట్టె కట్టిన మనిషి కాదు.

కాంగ్రెస్ మాట కూడా ఉంది: ఇది దొంగతనం కాదు, లేఖ రాసి, అందరికీ తెలిసేలా తీసుకున్న సొంత కాగితాలు. చట్టం చూస్తే ఆ మాటకు కొంత బలముంది. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ రికార్డును అడ్డగోలుగా నాశనం చేస్తే అయిదేళ్ల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. సొంత ఉత్తరాల సంగతి వేరు. 2024 జూలైలో మన కృష్ణా కరకట్ట మీద కాలుష్య నియంత్రణ మండలి ఫైళ్లు కాలిస్తే అవి ఎవరివన్న అనుమానమే రాలేదు. ఇక్కడ తగువంతా దాని మీదే.

మ్యూజియం సొసైటీ సభ్యుడు, చరిత్రకారుడు రిజ్వాన్ కాద్రీ 2024లో సోనియాకు, తర్వాత రాహుల్‌కు రాశారు. అసలువి ఇవ్వకపోతే స్కాన్లు, జిరాక్సులైనా ఇవ్వండని. 2025లో మ్యూజియమే జనవరి 28న ఒకటి, జూలై 3న ఒకటి సోనియా కార్యాలయానికి లేఖలు పంపింది. డిసెంబరులో షెకావత్ మాట్లాడేనాటికి పెట్టెలు ఉన్నచోటే ఉన్నాయి.