ముసలి ఈగ, స్ట్రెస్ ప్రొటీన్లు: అపోహలు – వాస్తవాలు

శ్రీకాకుళంలో జువాలజీ చెబుతాను. బొంబాయి రవ్వ, బెల్లం, ఈస్టు, అగర్ కలిపి ఉడికించిన మేతతో సీసాల్లో డ్రోసోఫిలా ఈగలను పెంచుతుంటాను. చూసినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "ఏటి మాస్టారూ, మా మామిడికాయలు పాడుచేసేవి ఇవేనా?" కాదండీ. కాయకు పొడిచి గుడ్లు పెట్టేది వేరే కుటుంబం. ఇవి మగ్గిన అరటిపండు మీద ముసిరే చిన్నవి.

అపోహ: స్ట్రెస్ ప్రొటీన్లు టెన్షన్ పడితే వస్తాయి.

వాస్తవం: ఇక్కడ కష్టం మనసుకు కాదు, కణానికి. వేడికి ప్రొటీన్ల మడతలు విడిపోయి, ఉడికిన తెల్లసొనలా ముద్దకడతాయి. అలా కాకుండా కాపు కాసే స్ట్రెస్ ప్రొటీన్లే హీట్ షాక్ ప్రొటీన్లు, పొట్టిగా హెచ్‌ఎస్‌పీలు. ఇటలీలో రిటోసా అనే శాస్త్రవేత్త 1962లో వీటి జాడ పట్టింది కూడా పొరపాటు వల్లే. ఇంక్యుబేటర్ వేడి ఎవరో పెంచేస్తే, ఈగ లాలాజల గ్రంథుల క్రోమోజోముల మీద కొత్తచోట్ల ఉబ్బులు కనిపించాయి. ఉబ్బిందంటే అక్కడి జన్యువు పనిలోకి దిగినట్టు. పేరులో వేడి ఉందిగానీ, విషలోహాలు తగిలినా ఇవి తయారవుతాయి.

అపోహ: ముసలి ఈగలో ఇవి ఎక్కువుంటే రక్షణ బాగున్నట్టు.

వాస్తవం: మా పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. 2018లో తిత్లీ తుపాను తర్వాత ఏ ఊళ్లో కరెంటోళ్లు ఎక్కువ కనిపించారో అక్కడ స్తంభాలు ఎక్కువ పడ్డట్టు లెక్క. ఇదీ అంతే. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఉండే హెచ్‌ఎస్‌పీ22 అనే రకం వయసుతో బాగా పెరుగుతుంది. ఒకే వయసు ఈగల్లో అది ఎక్కువున్నవి ముందు పోయే అవకాశమే ఎక్కువ.

అపోహ: అయితే ఈ ప్రొటీన్లను మనమే పెంచితే ఆయుష్షు పెరుగుతుంది.

వాస్తవం: 2004లో ఒక బృందం హెచ్‌ఎస్‌పీ22ను పెంచితే ఈగలు దాదాపు 30 శాతం ఎక్కువ బతికాయి. అదే ఏడాది ఇంకో బృందం వేరే పద్ధతిలో పెంచితే ఆయుష్షు తగ్గింది. రెండూ నిజమేనని నా నమ్మకం: ఏ కణజాలంలో, ఎంత, ఏ వయసులో అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. హెచ్‌ఎస్‌పీ70 అతిగా ఉన్నా లార్వాల ఎదుగుదల దెబ్బతింటుంది.

అపోహ: ఎండలో మాడితే గట్టిపడతాం.

వాస్తవం: కాసేపు తగిలిన స్వల్ప వేడి ఈగకు కొన్నాళ్లు మేలు చేయొచ్చు. రోజంతా వేడి వేరు. 25 డిగ్రీల్లో రెండు నెలలకు పైగా బతికే ఈగ 29లో అంతకంటే ముందే పోతుంది. ఓ మే నెలలో మధ్యాహ్నమంతా కరెంటు లేదు. సాయంత్రం చూస్తే రెండు సీసాల ఈగలు మేత మీదే వెల్లకిలా పడి ఉన్నాయి.